ఏడో నంబరు జత

ఏడో నంబరు బూట్ల జత సోల్ కాస్త అరిగినట్టు చేయమని ఫైర్ చీఫ్ ఫోన్ చేసి అడిగాడట. మా యజమాని మార్కో ఆ మాట చెప్పినప్పుడు నేను మైనం కరిగే గిన్నె దగ్గర ఉన్నాను. కుటుంబం వాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదని కూడా అన్నాడట. కాఫీలో చక్కెర వద్దని చెప్పినంత మామూలుగా చెప్పి మార్కో వెళ్ళిపోయాడు. నేను గిన్నె కింద మంట తగ్గించి, షెల్ఫ్ మీదున్న ఆ జత వైపు చూశాను.

మా ఫౌండ్రీ కెనడాలో ఎటోబికో అనే చోట, విమానాలు నెత్తి మీదుగా దిగే వైపు ఉంది. కంచు విగ్రహాలు పోస్తాం. అసలు వస్తువుకి రబ్బరుతో అచ్చు తీస్తారు, ఆ అచ్చులో మైనం పోస్తారు, మైనపు బొమ్మ మీద గీతలూ బుడగలూ సరిచేయడం నా పని. తరవాత దానికి మట్టి పూత పూసి కాలుస్తారు, మైనం కారిపోతుంది, ఆ ఖాళీలోకి కంచు వెళ్తుంది. మైనంలో నేను వదిలేసిన గోటి గుర్తు కూడా కంచులో వందేళ్ళు ఉంటుంది. అందుకే ఒకటికి రెండుసార్లు చూడందే దేన్నీ పక్కకి పంపను.

ఈసారి వచ్చిన పని ఉత్తరాన లార్చ్ ఫాల్స్ అనే చిన్న ఊరి నుంచి. కిందటి జూన్‌లో ఆ ఊరి మీదికి వచ్చిన అడవి మంటని ఆపిన వాలంటీర్లకి స్మారకం. జీతం లేని మనుషులు. ఒకరు బడి బస్సు నడుపుతారు, ఒకరు రంపపు మిల్లులో పనిచేస్తారు, పేజర్ మోగితే చేతిలో పని వదిలేసి ఫైర్ హాల్‌కి పరిగెడతారు. మొత్తం పంతొమ్మిది మంది. వాళ్ళ తోలు బూట్లకే అచ్చు తీసి, కంచులో పోసి, హాల్ ముందు నల్లరాతి దిమ్మె మీద వరసగా పెట్టాలి. పద్దెనిమిది జతలు నిలబడి ఉంటాయి. ఒక్క ఏడో జత పక్కకి ఒరిగి, సోల్ కనబడేలా ఉంటుంది. అది విశ్వేశ్వరరావు గారిది. ఆ రోజు మంట నుంచి తిరిగి రాని మనిషి ఆయనొక్కరే.

మా అమ్మకి ఫోన్లో చెబితే, పోయినవాళ్ళకి బొమ్మ పెట్టుకోవాలి గానీ దిమ్మె మీద బూట్లేమిటే అంది. నాకేమీ వింతగా అనిపించలేదు. మా ఊరి బళ్ళో అందరం చెప్పులు గది బయట విడిచేవాళ్ళం. ఆలస్యంగా వచ్చినప్పుడు గుమ్మం ముందు చెప్పులు చూస్తే చాలు, లోపల ఏ మాస్టారున్నారో, ఎవరు రాలేదో తెలిసిపోయేది. ఈ బూట్లూ అంతే. మూడో జత మనిషి మడమ బయటి వైపు వేసి నడుస్తాడు. పదకొండో జత మనిషి కుడికాలు ఈడుస్తాడు. పదహారో జత ఆడమనిషిది, ముందు పాదం మీద బరువు పడి అక్కడ తోలు ముడతలు పడింది.

ఏడో జత ఏమీ చెప్పలేదు. సోల్ కింది గాడులు పదునుగా ఉన్నాయి. ఫ్యాక్టరీలో అచ్చు నుంచి తీసినప్పుడు మిగిలే సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా ఊడలేదు. లేసులు కింది నాలుగు రంధ్రాల వరకే ఎక్కించి ఉన్నాయి. దగ్గరికి వెళ్తే కొత్త తోలు వాసన.

విశ్వేశ్వరరావు గారి గురించి ఇక్కడి తెలుగువాళ్ళకి కొంత తెలుసు. లార్చ్ ఫాల్స్‌లో మందుల షాపు ఆయనదే. ఆరేళ్ళుగా వాలంటీరు. రాళ్ళ దిబ్బ మీంచి వెనక్కి వస్తుంటే కాలు జారి పడ్డారనీ, మిగతావాళ్ళు లారీ దగ్గరికి చేరి లెక్క చూసుకునేసరికి పొగ కమ్మేసిందనీ పేపర్లో వచ్చింది. ఆ రోజు ఆయన కాళ్ళకి ఉన్నవి ఇళ్ళ మంటలకి వాడే బరువైన రబ్బరు బూట్లు. అడవిలోకి వెళ్ళేవాళ్ళు వేసుకోవలసింది తోలువి. నా భర్తకి మాత్రం తోలు బూట్లు ఎందుకు ఇవ్వలేదని ఆయన భార్య దమయంతి గారు కంప్లైంట్ పెట్టారు. ఇచ్చామని డిపార్ట్‌మెంట్ అంటోంది. విచారణకి ఇంకా మూడు వారాలుంది. చీఫ్‌దే తప్పని తేలితే ఆయన పదవి పోతుంది, పేరు పోతుంది.

ఇచ్చిన బూట్లయితే ఇలా ఉండవు. ఆయన పోయాక కొని, ఆయనవని చూపిస్తున్నారని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఇప్పుడు సోల్ అరగ్గొట్టమంటున్నారు, అదీ నా చేత్తో.

అచ్చు తీసే ముందు బూటు లోపలికి మట్టి కూరాలి, లేకపోతే రబ్బరు బరువుకి నొక్కుకుపోతుంది. అందుకోసం ఏడో జతలోంచి కాగితపు ఉండలు లాగాను. ఎడమ బూటులో, వేళ్ళు ఉండే చోట, మడిచిన పసుపు కార్డు ఒకటి దొరికింది. డిపార్ట్‌మెంట్ వాళ్ళు సామాను ఇచ్చేటప్పుడు రాసే కార్డు. తోలు బూట్లు, ఒక జత, సైజు తొమ్మిది అని నీలం సిరాతో రాసి ఉంది. తేదీ జూన్ పద్నాలుగు. సంతకం పెట్టాల్సిన గీత ఖాళీ. దాని పక్కన పెన్సిల్‌తో, ఇంగ్లీషులో, ఆదివారం అనీ, కింద వి.ఆర్. అనీ ఉంది.

మంట వచ్చింది కూడా జూన్ పద్నాలుగునే. అదే తేదీ కార్డు మీద ఉండడం డిపార్ట్‌మెంట్‌కి మరీ అనుకూలంగా ఉందని నాకు తోచింది. ఎప్పుడో తీరిగ్గా కూర్చుని రాసిన కాగితంలా అనిపించింది. కార్డుని నా పనిముట్ల పెట్టెలో, కత్తుల అడుగున దాచాను. మార్కోకి చెప్పలేదు.

ఆ వారమే దమయంతి గారు ఫౌండ్రీకి ఫోన్ చేశారు. మైనపు బొమ్మ చూడడానికి కుటుంబాలు ఎప్పుడు రావాలో చెబుతూ మేం పంపిన మెయిల్ కింద నా పేరు ఉంది.

"ధాత్రి అంటే తెలుగమ్మాయివేనా?"

అవునన్నాను. ఏ ఊరని అడిగారు. కనిగిరి దగ్గరన్నాను. వాళ్ళది తెనాలట. ఇప్పుడు ఏజాక్స్‌లో తమ్ముడింట్లో ఉంటున్నానని, అమ్మాయి సాత్విక వాటర్లూలో చదువుతోందని, కంప్లైంట్ కాగితాలన్నీ అదే రాసిందని చెప్పారు. ఇవన్నీ చెప్పాక అసలు సంగతికి వచ్చారు.

"ఆ బూట్లు నువ్వు చూశావా?"

"చూశానాంటీ."

"నాకు వాళ్ళ మీద నమ్మకం లేదమ్మా. బొమ్మ పెట్టి నా నోరు మూయిద్దామనుకుంటున్నారు. నీకేమైనా కనిపిస్తే నాకు చెప్పు. వాళ్ళకి కాదు, నాకు."

సరేనన్నాను. కార్డు సంగతి నోటి దాకా వచ్చింది గానీ చెప్పలేదు. ఆ నీలం సిరాకీ పెన్సిల్‌కీ మధ్య ఏదో పొసగకుండా ఉంది. అదేమిటో తేలకుండా ఆవిడ చేతిలో పెడితే తరవాత వెనక్కి తీసుకోలేను.

గురువారం చీఫ్ స్వయంగా వచ్చాడు. పేరు వేన్. అరవై ఏళ్ళుంటాయి, పెద్ద మనిషి. ఆరు గంటలు డ్రైవ్ చేసి వచ్చానన్నాడు. ఆరు గంటలు ఎందుకు వచ్చినట్టు, ఫోన్లో చెబితే పోయేదానికి, అనుకున్నాను. మార్కో కాఫీ ఇవ్వబోతే వద్దన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని షెల్ఫ్ ముందు నిలబడ్డాడు. పద్దెనిమిది జతల్నీ ఒక్కొక్కటి ముట్టుకుని, ఎవరివో పేర్లు చెప్పాడు. ఏడో జత దగ్గర చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మార్కో ఫోన్ మాట్లాడడానికి పక్కకి వెళ్ళగానే, ఈ బూట్లలో ఏమైనా కాగితం దొరికిందా అని నన్ను అడిగాడు. పసుపు రంగు కార్డు.

కాగితపు ఉండలు దొరికాయి, పారేశాం అన్నాను.

నా మొహం వంక కాసేపు చూశాడు. అతనికి ఊరట కలిగిందో, అనుమానం వచ్చిందో నాకు తెలియలేదు. పోతే పోయిందిలే, అదే మంచిది అన్నాడు. సోల్ పని ఎప్పుడు మొదలుపెడతావని అడిగాడు.

"ఎందుకు అరగాలి?" అన్నాను.

"కొత్తగా ఉంటే ఎందుకని అడుగుతారు. ఆమె అడుగుతుంది."

"అడిగితే ఏమవుతుంది?"

అతను ఒక స్టూల్ లాక్కుని కూర్చున్నాడు. తరవాత చెప్పిందంతా బూట్ల వైపు చూస్తూ చెప్పాడు. ఆ రోజు పొద్దున బూట్ల పెట్టెలు వచ్చాయట. వెనకటి ఏడాది రావలసినవి రాలేదు, సగం మందికి పాత తోలు బూట్లున్నాయి, లేనివాళ్ళకి ఇవి. అందరికీ ఫోన్ చేశాడు. విశ్వేశ్వరరావు గారిని వాళ్ళు వీఆర్ అని పిలుస్తారు. పదింటికి షాపు నుంచి వచ్చారు. బూట్లు వేసుకుని సిమెంటు నేల మీద నాలుగడుగులు నడిచి సరిపోయాయన్నారు. సంతకం పెట్టడానికి పెన్ను తీసుకున్నారు. ఇంతలో ఫోన్ వస్తే బయటికి వెళ్ళి మాట్లాడి వచ్చారు. పెన్ను పక్కన పెట్టేశారు.

"రేపు తీసుకుంటా, రేపైతే మంచిది అన్నాడు. నవ్వాడు. పెన్సిల్‌తో తనే రాసుకున్నాడు. సంతకం లేని సామాను బయట పెట్టకూడదని మా రూలు. కార్డుతో సహా లోపల పెట్టి తాళం వేశాను. మూడింటికి పేజర్ మోగింది."

హాల్లో ఎవరి చోటు వాళ్ళకుంటుందట. ప్యాంటు మడతలు బూట్ల మీదికి దించి ఉంచుతారు. పరిగెత్తుకొచ్చి బూట్లలో కాళ్ళు దూర్చి ప్యాంటు పైకి లాగితే చాలు, అరనిమిషంలో తయారు. ఆయన చోట్లో ఎప్పటి రబ్బరు బూట్లే ఉన్నాయి. కాళ్ళు అలవాటైన చోటికే వెళ్ళాయి.

"ఎందుకు రేపని అడగలేదా?"

అడగలేదన్నాడు. "ఆ కార్డు విచారణలో పెడితే నేను బయటపడతాను. కానీ అది ఏం చెబుతుంది? ఆమెకి, నీ మొగుడే వద్దన్నాడని చెబుతుంది. పోయినవాడి మీద తప్పు తోసే కాగితం నేను చూపించను."

టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను నమ్మలేదు. కథ మరీ నున్నగా ఉందనిపించింది. ఆ కార్డు పోయిందంటే అదే మంచిదన్న మనిషి, దాన్ని వెతుక్కుంటూ ఆరు గంటలు రావడం మాత్రం కథలో ఇమడలేదు.

సాయంత్రం బస్సులో కూర్చున్నాక కూడా అవే మాటలు తిరుగుతున్నాయి. రేపైతే మంచిది. ఇంగ్లీషులోనే అని ఉంటారు, కానీ అది ఇంగ్లీషు మాట కాదు. ఇక్కడివాళ్ళు రేపు వీలవుతుందంటారు, రేపు వస్తానంటారు. ఈ రోజు కంటే రేపు మంచిదని ఎవరూ అనరు. నేను ఫోన్ తీసి క్యాలెండర్ వెనక్కి జరిపాను. కిందటి జూన్ పద్నాలుగు శనివారం.

కెనడా వచ్చే ముందు నాకు బూట్లు కొనడానికి ఒంగోలు వెళ్ళాం. శనివారం వెళ్దామని నాన్న అంటే అమ్మ ఒప్పుకోలేదు. శనివారం పూట తోలు ఇంటికి తేకూడదు, శని వెంట వస్తుందంది. నాన్న పని మానుకుని శుక్రవారమే తీసుకెళ్ళాడు. అప్పుడు నేను నవ్వాను గానీ, ఇక్కడికొచ్చి మూడేళ్ళయినా శనివారం చెప్పులు కొనలేదు. ఎందుకు కొనలేదంటే చెప్పలేను.

దిగాల్సిన స్టాప్ దాటిపోయింది. చీఫ్ మీదున్న అనుమానం ఒక్కసారిగా చప్పబడింది. దాని చోట్లోకి ఇంకోటి వచ్చి కూర్చుంది. పెన్ను చేతిలో ఉండగా ఆయనకి వచ్చిన ఫోన్ ఎవరిది?

దమయంతి గారు వాళ్ళు వచ్చేది ఎల్లుండి. శనివారం.

శుక్రవారమంతా ఏడో జత మైనం ముందు కూర్చున్నాను. సన్నటి కత్తి కొద్దిగా వేడి చేసి నాలుగు గాడుల అంచులు గుండ్రం చేస్తే చాలు, సోల్ ఏడాది నడిచినట్టు కనిపిస్తుంది. పది నిమిషాల పని. అలా చేసి కార్డు చించేస్తే దమయంతి గారికి ఏమీ తెలియదు, చీఫ్ పదవి పోతుంది. అతనే దానికి సిద్ధపడ్డాడు కదా అనీ అనుకున్నాను. సాయంత్రం మార్కో వచ్చి, డిటెక్టివ్ గారూ, కత్తి చల్లారిపోయింది అని వెక్కిరించి వెళ్ళాడు. నేను సోల్ ముట్టుకోలేదు.

శనివారం పదకొండింటికి తల్లీ కూతుళ్ళు వచ్చారు. దమయంతి గారు నేననుకున్న దానికంటే చిన్నగా ఉన్నారు. లేత రంగు చుడీదార్ మీద మగవాళ్ళ చలికోటు వేసుకున్నారు, దాని చేతులు పైకి మడిచి ఉన్నాయి. సాత్విక భుజానికి బ్యాగు, అందులోంచి కాగితాల ఫైలు తొంగిచూస్తోంది. నేను మైనపు జతని ఒరిగి ఉండేలా బల్ల మీద పెట్టి, పక్కన అసలు బూట్లు పెట్టాను. అచ్చు తీయడం అయిపోయింది కాబట్టి వాటిని కుటుంబం వాళ్ళు తీసుకెళ్ళొచ్చు.

దమయంతి గారు వంగి మైనపు సోల్ చూశారు. ఆ రబ్బరు వెంట్రుకలు మైనంలో కూడా వచ్చాయి. వాటి మీద వేలు పెట్టబోయి ఆగారు.

"కొత్తగానే ఉంచావే" అన్నారు నాతో, తెలుగులో, మెల్లగా. నన్ను మెచ్చుకున్నట్టుంది.

సాత్విక ఫోన్‌తో ఫోటోలు తీస్తోంది. "సీ, మామ్? బ్రాండ్ న్యూ. దే నెవర్ గేవ్ దెమ్ టు హిమ్."

కార్డు నా ఏప్రన్ జేబులో ఉంది. ఆంటీ, ఒక్క నిమిషం అటు వస్తారా అని అడిగాను. ఇక్కడే చెప్పు, అమ్మాయికి తెలియనిదేమీ లేదన్నారు. నేను కార్డు తీసి ఇచ్చాను. ఎడమ బూటులో దొరికిందని చెప్పాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. వేలు తేదీ మీదికి వెళ్ళింది, తరవాత పెన్సిల్ అక్షరాల మీదికి జరిగింది. అక్కడే ఉండిపోయింది. అది ఏ వారమని నన్ను అడగలేదు. ఫోన్ తీసి చూడలేదు. అప్పుడే నాకు అర్థమైంది.

సాత్విక తల్లి భుజం మీంచి చదివి, ఇది వాళ్ళు తరవాత రాసిన కాగితమై ఉంటుందంది. ఇనీషియల్స్ ఎవరైనా వేయగలరు, దీన్నే విచారణలో ఎత్తి చూపిద్దామంది. వారం కింద నేననుకున్నది కూడా సరిగ్గా అదే. దమయంతి గారు సరేనంటే ఆ మాట అక్కడితో నిలబడిపోయేది. ఆవిడకి మేమిద్దరం తప్పించుకునే తోవ ఇచ్చినట్టే ఉంది.

"మీ నాన్న చేతిరాతే" అన్నారావిడ.

మార్కో దూరంగా ఏదో సర్దుతున్నాడు. దమయంతి గారు బల్ల అంచు పట్టుకున్నారు. తరవాత మాట్లాడింది నాతోనో, కూతురితోనో చెప్పడం కష్టం.

"వంటింట్లో ఉన్నాను. బూట్లొచ్చాయని పొద్దున చెప్పి వెళ్ళారు. సాయంత్రం ఇంటికి తెచ్చి నూనె రాసుకుంటానన్నారు. ఆయనటు వెళ్ళాక గుర్తొచ్చింది. ఫోన్ చేశాను. శనివారం పూట తోలు నా గడప దాటనివ్వను, రేపు తెచ్చుకోండి అన్నాను. ఒక్క రోజులో ఏం మునిగిపోతుందన్నాను."

సాత్విక ఫోన్ కిందికి దించింది. "వాట్ డజ్ సాటర్డే హ్యావ్ టు డు విత్ ఎనీథింగ్?"

దమయంతి గారు నా వైపు చూశారు, నువ్వు చెప్పమన్నట్టు. నేను నోరు తెరిచాను. ఇంగ్లీషులో ఏమీ దొరకలేదు. తెలుగులోనూ దొరకలేదు.

"ఏడాదిగా వాళ్ళని అడుగుతున్నాను, ఎందుకు ఇవ్వలేదని" అన్నారావిడ. "వాళ్ళకేం తెలుసు."

చీఫ్ వచ్చిన సంగతి అప్పుడు చెప్పాను. ఈ కార్డు కోసం వచ్చాడనీ, చూపించడం ఇష్టం లేకే వచ్చాడనీ, సోల్ అరగ్గొట్టమన్నది అందుకేననీ చెప్పాను. ఆయనకి అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. సాత్విక ఫైలు బ్యాగులోకి తోసేసి గోడ వైపు తిరిగింది. తల్లి దగ్గరికి రాలేదు. వస్తుందేమోనని దమయంతి గారు కాసేపు చూశారు.

తరవాత నన్ను పెన్ను అడిగారు. నా దగ్గరున్నది మైనం అంటుకున్న పెన్ను, దాన్నే ఏప్రన్‌కి తుడిచి ఇచ్చాను. ఆవిడ కార్డుని బల్ల మీద పెట్టి, ఖాళీగా ఉన్న గీత మీద సంతకం చేశారు. పక్కన ఆ రోజు తేదీ వేశారు. కాస్త ఆగి, తేదీ పక్కన శనివారం అని కూడా రాశారు. తెలుగులో రాశారు.

"దీన్ని వేన్ గారికి పంపించు. విచారణలో చూపించుకోమను. నేనూ వెళ్ళి చెబుతాను."

మార్కో అప్పటికి దగ్గరికి వచ్చాడు. జరిగింది అతనికి తెలియదు. ఇంతకీ సోల్ అరగ్గొట్టాలా వద్దా అని అడిగాడు. దమయంతి గారు తల అడ్డంగా ఊపారు.

బూట్లకి అట్టపెట్టె తెస్తానన్నాను. వద్దన్నారు. రెండు బూట్లనీ కోటు మీదికి హత్తుకుని పార్కింగ్ వైపు నడిచారు. సాత్విక ముందే వెళ్ళి డిక్కీ తెరిచి నిలబడింది, తల్లి వైపు చూడకుండా. ఆవిడ డిక్కీ దాటుకుని ముందు సీట్లో కూర్చుని బూట్లు ఒళ్ళో పెట్టుకున్నారు. సాత్విక కొంతసేపు అలాగే నిలబడి డిక్కీ మూసింది. వచ్చి డ్రైవింగ్ సీట్లో కూర్చుంది. కారు వెంటనే కదల్లేదు. అద్దంలోంచి ఒక చెయ్యి కనిపించింది, ఎవరిదో తెలియలేదు, ఆ బూట్ల లేసుల్ని మిగతా రంధ్రాల్లోకి ఎక్కిస్తోంది.